బంతులు లెక్కపెట్టే కోచ్ కావాలి!

పరీక్షలు అయిపోగానే కాలనీ గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఫ్లెక్సీలు వెలుస్తాయి. ‘సమ్మర్ క్రికెట్ కోచింగ్ క్యాంప్’ అని పెద్దక్షరాలు, పక్కన బ్యాట్ ఎత్తి నిలబడ్డ స్టార్ ఆటగాడి బొమ్మ, కింద ఫోన్ నంబరు. పిల్లాడు ఇంట్లో కూర్చుని సెల్‌ఫోన్ చూడటం కన్నా నయమే కదా అని తీసుకెళ్లి చేర్పించేస్తాం. అక్కడ అడిగేవి రెండే ప్రశ్నలు. ఫీజెంత? సారు రంజీ ఆడారా?

రెండూ అడగండి, తప్పులేదు. కానీ వాటికన్నా ముందు అడగాల్సింది మరొకటుంది. ‘మావాడితో రోజుకు ఎన్ని బంతులు వేయిస్తారు? వారానికి ఎన్ని రోజులు?’ దీనికి కోచ్ ఇచ్చే జవాబును బట్టి మీ పిల్లల ఒళ్లు ఆయన చేతిలో ఎంత భద్రమో చాలావరకు తెలిసిపోతుంది. సూటిగా ఒక అంకె చెప్పారా, మంచిది. ‘అలసిపోయేదాకా వేయిస్తాం, అప్పుడే స్టామినా వస్తుంది’ అన్నారా, మరో అకాడమీ చూసుకోండి.

నడుము మోసే భారం

ఫాస్ట్ బౌలర్ బంతి వదిలే క్షణంలో ముందుకాలు నేలను బలంగా తాకుతుంది. ఒంటి బరువుకు ఎన్నో రెట్లుండే ఆ తాకిడి కాలి మీదుగా నడుముకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. ఎదిగే వయసు పిల్లల వెన్నుపూసలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట తెగినట్టే, విరామం లేకుండా బౌలింగ్ చేస్తే నడుము దిగువ పూసల్లో సన్నని పగులు రావొచ్చు. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. భుజాలు ఒకవైపు, తుంటి మరోవైపు తిరిగే ‘మిక్స్‌డ్ యాక్షన్’ ఉన్నవాళ్లకు ముప్పు మరింత ఎక్కువ. దాన్ని చిన్నప్పుడే గుర్తించి సరిదిద్దడం కోచ్ పని.

వెంట ఫిజియోలు, ట్రైనర్లు ఉండే జస్‌ప్రీత్ బుమ్రాకే 2019లో నడుములో ఇలాంటి పగులు వచ్చింది. వెన్నునొప్పితోనే 2022 టీ20 ప్రపంచకప్‌కు దూరమయ్యాడు. 2023లో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఇక ఏడో తరగతి కుర్రాడి నడుము సంగతి చెప్పేదేముంది!

ఇంగ్లండ్ బోర్డు పిల్లల ఫాస్ట్ బౌలింగ్‌కు ఏళ్ల తరబడి పరిమితులు పాటిస్తోంది. 13 ఏళ్లలోపు వారికి ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజు మొత్తంలో 10. అండర్-14, 15 స్థాయుల్లో అవి 6, 12. ఈ కాగితాన్ని మన అకాడమీలు కూడా గోడకు అతికించుకుంటే ఎంత బాగుండు.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, పొద్దున అకాడమీలో 8 ఓవర్లు, సాయంత్రం స్కూలు జట్టు ప్రాక్టీసులో 6. ఎవరి లెక్క వారికి సబబుగానే ఉంటుంది. కలిపితే ఒక్కరోజులో 84 బంతులు! ఆదివారం లీగ్ మ్యాచ్ దీనికి అదనం. మొత్తం కనిపించేది మీకే కాబట్టి ఇంట్లో చిన్న నోటు పుస్తకంలో రాసి, నెలకోసారి కోచ్‌కు చూపించండి. ఆ పుస్తకాన్ని ఆసక్తిగా తిరగేసే కోచ్ దొరికితే వదులుకోకండి.

‘నొప్పి సార్’ అంటే ఏం చేస్తారు?

నడుములో ఒకపక్కన నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువవడం, రెండ్రోజులు ఆడకపోతే తగ్గి మళ్లీ బంతి పట్టగానే తిరగబెట్టడం... ఇవి కనిపిస్తే బౌలింగ్ ఆపేసి ఎముకల డాక్టర్ని కలవాలి. తొలిదశలో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరం పడొచ్చు. త్వరగా పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో చాలావరకు మానుతుంది. స్ప్రే కొట్టి, బెల్టు కట్టి ‘సెలెక్షన్స్ అయ్యేదాకా ఓర్చుకో’ అనే కోచ్ వద్ద ఒక్కరోజు కూడా ఉంచొద్దు.

పిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యే నెలల్లో మరీ జాగ్రత్త. ఎముక పెరిగినంత వేగంగా కండరం సాగదు. మోకాలి కింద, మడమ దగ్గర నొప్పులు వచ్చేది అప్పుడే. మూడు నెలలకోసారి గోడ మీద ఎత్తు గీత పెట్టండి. బాగా పెరిగారనిపిస్తే కోచ్‌కు చెప్పి సాధన కాస్త తగ్గించమనండి.

ఫీజు కట్టేముందు ఒకరోజు

చెప్పకుండా వెళ్లి, గంటసేపు గట్టు మీద కూర్చుని చూడండి. నెట్స్‌కు ముందు వార్మప్ ఉందా? ఒక్కో కోచ్ కింద ఎంతమంది ఉన్నారు? ముప్పైమందికి ఒక్కరుంటే మీవాడి నడుము తిరిగే తీరు ఎవరికీ కనపడదు. పదేళ్ల పిల్లలకు పెద్దల బంతి ఇస్తున్నారా? నిబంధనల ప్రకారం పురుషుల బంతి సుమారు 156-163 గ్రాములు, 13 ఏళ్లలోపు వారిది 133-144 గ్రాములు. ఈ తేడా లేత భుజాలకు బాగా తెలుస్తుంది.

లెదర్ బంతి ముందు హెల్మెట్ లేకుండా బ్యాట్ పట్టనిచ్చే చోట ఇంక చూడాల్సిందేమీ లేదు. హెల్మెట్ ఉన్నా సరే, గ్రిల్ సందులోంచి చిన్న బంతి దూరిపోతుందేమో పరీక్షించండి. తలకు దెబ్బ తగిలితే ‘బాగానే ఉన్నాను’ అన్నా ఆరోజు ఆట ఆపించాలి. కోచ్‌కు ఇందులో మినహాయింపులు ఉండకూడదు.

ఏప్రిల్, మే ఎండలు తెలిసినవే. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించేవారిని ఎంచుకోండి. నీళ్లు తాగడానికి అనుమతి అడగాల్సిన అవసరం ఉండకూడదు. సీసా నీళ్లతో పాటు ఉప్పేసిన మజ్జిగ పంపండి. ఎండలో ఆడుతూ తికమకగా మాట్లాడినా, తూలినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ 108కి ఫోన్ చేయాలని అక్కడివాళ్లకు తెలిసుండాలి.

ఇక రంజీ సంగతి. గొప్పగా ఆడినవాళ్లందరికీ నేర్పడం రాదు. పెద్దగా ఆడనివాళ్లలోనూ చక్కటి గురువులుంటారు. బీసీసీఐ కోచింగ్ కోర్సుల్లో ఏ స్థాయి పూర్తిచేశారో, ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందో లేదో అడగండి. నొచ్చుకుంటారేమోనని మొహమాటపడొద్దు.

కోచ్ నోరు కూడా వినండి. క్యాచ్ వదిలేసిన పిల్లాణ్ని అందరిముందూ తిట్టే మైదానంలో మీవాడు మూడు నెలల్లో బ్యాట్ పక్కన పడేస్తాడు. విడిగా ప్రాక్టీసు అంటే ఎవరికంటా పడని చోట ఉండకూడదు. కోచ్ మెసేజ్‌లు తల్లిదండ్రులున్న గ్రూపులోనే రావాలి. అమ్మాయిలైతే మైదానంలో శుభ్రమైన టాయిలెట్, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా, మరికొందరు అమ్మాయిలు వస్తున్నారా చూడండి. వెళ్లనని మొండికేస్తే బద్ధకమనుకోకుండా కారణం నెమ్మదిగా రాబట్టండి. అనుమానం నిజమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు.

మీ వైపు నుంచి చెప్పాల్సినవీ దాచకండి. ఆస్తమా, ఫిట్స్, పాత ఎముక గాయాలుంటే చేర్పించే రోజే కాగితం మీద రాసివ్వండి. ఇన్‌హేలర్ కిట్ బ్యాగులో ఏ అరలో ఉందో కోచ్‌కు స్వయంగా చూపించి రండి.