దిడ్డి వాకిలి: దాచిన తలుపు, దాగిపోతున్న మాట

పోయినేడు హోసూరు పక్కన మా పాత ఇంటికి మరమ్మత్తు మొదలుపెట్టినాం. పడమటి మట్టిగోడలో నాలుగడుగుల ఎత్తు తలుపు ఒకటుండాది. వంగితే గానీ దూరలేం. ఇటుకలు పెట్టి మూసేద్దామంటే మా అవ్వ ఒప్పుకోలేదు. "దిడ్డి మూయొద్దు నాయనా. కనపడకూడదంటే దాపెట్టుకోండి" అనింది. తమిళం మాట్లాడే మేస్త్రీ "తిట్టి వాసలా?" అన్నాడు. కన్నడం మాట్లాడే ఆచారి "దిడ్డి బాగిలు" అన్నాడు. ముగ్గురి నోటా ఒకటే మాట!

దిడ్డి అంటే పెద్ద తలుపులోనో, గోడ వారగానో ఒక మనిషి దూరేంత చిన్న తలుపు. కోటల్లో పొద్దుగూకినాక పెద్ద తలుపు మూసేస్తే రాకపోకలన్నీ దీంట్లోనే. ఒకరి వెనక ఒకరు వంగి రావాల కాబట్టి లోపలివాళ్ళకు కాపు సులువు. మరాఠీలో దీన్నే దిండీ దరవాజా అంటారు. తెలంగాణలో దిడ్డి దర్వాజ అనేవాళ్ళు ఉన్నారు. బ్రౌన్ నిఘంటువులోనూ 'దిడ్డి' ఉండాది. అంటే మన అవ్వలది 'చెడిపోయిన తెలుగు' కాదు. ఇప్పటి పిల్లలు దీన్ని 'దొడ్డి వాకిలి' అని దిద్దుతారు. దొడ్డి అంటే పెరడు, అది వేరే మాట.

ఇంక దాపెట్టడం ఎట్లా? గోడను కొత్తగా కోయలేదు. పైకప్పు బరువు మోసేది మట్టిగోడే కదా, పాత ద్వారబంధం, దానిపైన మాను అట్లే ఉంచినాం. తలుపు స్థానంలో పుస్తకాల అలమర నిలబెట్టినాం. బరువుకు పక్క కీలు వంగిపోతాయని, పాతకాలం తలుపుల మాదిరే పైనొకటి, కిందొకటి ఇనప మొల పెట్టి, కింది మొలను గడప రాయి గుంటలో తిరిగేట్టు చేసినాడు ఆచారి. తమిళంలో ఆ మొలను కుడుమి అంటారంట. అలమర లోతు ఎక్కువైతే తిరిగేటప్పుడు మూల ద్వారబంధానికి తగులుతుంది, అందుకే అర అడుగుకు మించనీలేదు. చుట్టూ సందు కనపడకుండా సన్న చెక్క కొట్టినాం. గడియ రెండు పక్కలా తీసేట్టు పెట్టించినాం. పిల్లోళ్ళు లోపల చిక్కుకుంటే కష్టం.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి తలుపుంటే, మూసేముందు పెద్దోళ్ళను దాని పేరడగండి. గోడ మూసినాక ఆ మాట పలికే పని ఇంట్లో ఎవరికీ ఉండదు. మీ ఊళ్ళో దీన్ని ఏమంటారో మాకూ చెప్పండి.