అన్న బండి, తమ్ముడి కాలు

కిందటి వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం మా ఆసుపత్రి క్యాజువాల్టీకి ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. కుడి చీలమండ ఎముక విరిగింది. ముందు వెళ్తున్న ఆటో ఆగింది, ఇతని బండి ఆగలేదు.

"బ్రేకు పనిచేయలేదా బాబూ?" అని అడిగాను.

"పనిచేస్తుందండీ. నా కాలే అందలేదు" అన్నాడు.

పక్కనే అతని అన్న తలవంచుకుని నిలబడ్డాడు. ఆరడుగులు దాటిన మనిషి. బండి ఆయనదే. సీటు కిందుగా ఉండి, కాళ్లు ముందుకు చాపి కూర్చునే క్రూజర్ రకం మోటారుసైకిలు. కంపెనీవారు బిగించిన చోట కాళ్లు పెడితే మోకాళ్లు బాగా ముడుచుకుని, గంట ప్రయాణానికే నొప్పి పుడుతున్నదట. అందుకని ఎక్స్‌టెన్షన్ కిట్టు తెప్పించి, ఇంటి పెరట్లోనే ఫుట్‌రెస్టులు, గేరు లివరు, బ్రేకు పెడలు మూడంగుళాలు ముందుకు జరిపాడు. ఆయన నొప్పి తగ్గింది. అయిదడుగుల నాలుగంగుళాల తమ్ముడు అదే బండి మీద కూరగాయలకు బయలుదేరాడు. తరువాతి సంగతి మీకు తెలిసిందే.

అన్న చేసింది తప్పా?

పూర్తిగా తప్పు అనలేను. మోకాలు ఎంత ముడిస్తే మోకాలి చిప్ప తొడ ఎముకను అంత గట్టిగా నొక్కుతుంది. మెట్లు దిగేటప్పుడు, గొంతుకు కూర్చుని లేచేటప్పుడు చిప్ప వెనుక నొప్పి వచ్చేవారికి, బండి మీద గంటల తరబడి మోకాళ్లు ముడిచి ఉంచితే బాధ పెరుగుతుంది. పొడుగువారికి కాలు కొంచెం చాచే చోటు దొరికితే హాయిగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

అయితే మోకాలికి దొరికిన సుఖానికి నడుము మూల్యం చెల్లిస్తుంది. కాళ్లు బాగా ముందుకు చాపినప్పుడు కటి భాగం వెనక్కి వాలుతుంది. నడుములో సహజంగా ఉండవలసిన లోవంపు పోతుంది. శరీరం బరువు చాలావరకు పిరుదుల ఎముకల మీద పడుతుంది. మామూలు బండి మీద గుంత కనిపిస్తే కాళ్ల మీద బరువు వేసి కొంచెం పైకి లేస్తాం. కాళ్లు ముందుకు చాపి ఉంటే అలా లేవలేము. ఆ కుదుపు తిన్నగా వెన్నుపూసలకే తగులుతుంది. ఇదివరకే డిస్కు జబ్బు, సయాటికా ఉన్నవారు ఈ మార్పు జోలికి పోకపోవడం మంచిది.

మీ కాలే కొలబద్ద

పెడలు ఎక్కడ ఉండాలో చెప్పవలసింది కిట్టు కాదు, మీ కాలు. ఎవరినైనా పట్టుకోమని బండిని నిటారుగా నిలిపి, రోజూ తొడిగే చెప్పులతో కాక బూట్లతో కూర్చోండి. నడుము సీటు వెనక్కి ఆనించి, బ్రేకును చివరిదాకా తొక్కండి. అప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. మోకాలు కర్రలా బిగుసుకున్నా, పిరుదులు ముందుకు జారినా, కాలివేళ్ల కొసతో మాత్రమే అందినా ఆ దూరం మీకు పనికిరాదు.

కాలు వెతుక్కోవడానికి అర సెకను పడితే ఏమవుతుందంటారా? గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అర సెకనుకు ఎనిమిది మీటర్లకు పైమాటే. ఆటో వెనుక ఆ కుర్రవాడికి కరువైంది ఆ ఎనిమిది మీటర్లే.

ఇంట్లో బిగించేవారికి

ముందుగా కాగితాల సంగతి. ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. ఆర్‌టీఓ కార్యాలయంలోనూ, ఇన్సూరెన్సు వారినీ అడిగి తెలుసుకున్నాకే స్పానరు పట్టండి.

మీ బండి మోడలుకు చేసిన కిట్టే వాడండి. ఫుట్‌రెస్టు ముందుకు జరిగినకొద్దీ దాన్ని పట్టుకున్న బోల్టుల మీద ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి చేతి అంచనాతో కాక టార్క్ రెంచితో, కిట్టుతో వచ్చిన కాగితంలో చెప్పినంత బిగించాలి. రాడ్ల లాక్‌నట్లు మరచిపోవద్దు. బ్రేకు పెడలుకు కొద్దిపాటి ఆట ఉండాలి. బొత్తిగా లేకపోతే బ్రేకు పట్టుకునే ఉండి వేడెక్కుతుంది, ఎక్కువైతే ఆలస్యంగా పడుతుంది. పెడలు తొక్కగానే వెనుక లైటు వెలగాలి, వదలగానే ఆరాలి. డిస్కు బ్రేకు ఆయిలు గొట్టం విప్పవలసి వస్తే మాత్రం ఆ పని మెకానిక్కుకు వదిలేయండి. లోపల గాలి చేరితే పెడలు మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. అంతా అయ్యాక ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూసి, కొన్నాళ్ల తరువాత బోల్టులన్నీ మళ్లీ పరీక్షించండి.

ముందు నొప్పి సంగతి తేల్చండి

మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, రాత్రి విశ్రాంతిలో కూడా నొప్పి పెట్టినా అది బండి తెచ్చిన జబ్బు కాకపోవచ్చు. పెడలు జరిపితే నయం కాదు. నడుము నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చాలాకాలంగా మధుమేహం ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవారికి పెడలు మీద కాలు ఉన్నదో లేదో తెలియదు. వారు ఈ మార్పుకు పూనుకోవద్దు, అసలు బండి నడపవచ్చునా అన్నది కూడా డాక్టరును అడగాలి.

పొడుగువారైనా, పొట్టివారైనా గంటకొకసారి బండి దిగి అయిదు నిమిషాలు నడవండి. చాలామందికి దీనితో నొప్పులు కొంత తగ్గవచ్చు. దీనికి కిట్టు అక్కరలేదు, ఖర్చూ లేదు.

కట్టు విప్పిన రోజున అన్నదమ్ములిద్దరూ వచ్చారు. తమ్ముడు ఇంకా కుంటుతున్నాడు. "పెడలు వెనక్కి జరిపేయమంటారా డాక్టరుగారూ?" అని అన్న అడిగాడు. "నువ్వొక్కడివే నడిపేటట్లయితే ఉండనీ. ఇంట్లో అందరూ నడిపేటట్లయితే పాత చోటికే జరుపు" అన్నాను.

కళ్లద్దాలు ఒకరివి మరొకరు పెట్టుకోరు కదా! ఒకరి కాలికి సరిచేసిన బండి కూడా అంతే. తాళం చెవి చేతికి ఇచ్చేముందు, "బ్రేకు నీకు అందుతుందా?" అని ఒక్క మాట అడగండి.