డీఎన్ఏ రిపోర్టు: ఎవరిదో తేల్చే ముందు ఎంతుందో ఎందుకు కొలుస్తారు?

మరక దొరికింది, ల్యాబ్‌కు పంపారు. తీరా చూస్తే రిపోర్టులో 'ప్రొఫైల్ రాలేదు' అని ఉంది. వెంటనే నిందితుడి తరఫు లాయర్ 'మావాడి డీఎన్ఏ లేదని తేలింది' అంటారు. ఈ రెండూ ఒకటి కాదు. అసలు ఏం జరిగిందో తెలియాలంటే నమూనాలో డీఎన్ఏ ఎంతుందో కొలిచిన లెక్క చూడాలి.

మన ఒంట్లోని ఒక్కో కణంలో సుమారు 6.6 పికోగ్రాముల డీఎన్ఏ ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. వ్యక్తిని గుర్తించే ఎస్‌టీఆర్ పరీక్షకు సాధారణంగా అర నుంచి ఒక నానోగ్రాము వాడతారు. ఒక నానోగ్రాము అంటే దాదాపు 150 కణాలు, అంతే! అంతకన్నా బాగా తగ్గితే కొన్ని గుర్తులు గ్రాఫులో కనిపించవు. మరీ ఎక్కువైనా చిక్కే, లేని గుర్తులు ఉన్నట్టు కనిపిస్తాయి.

కొలవడానికి రియల్ టైమ్ పీసీఆర్ వాడతారు. కోవిడ్ రోజుల్లో అందరూ విన్న ఆర్‌టీ-పీసీఆర్‌కు ఇది దగ్గరి చుట్టం. యంత్రం డీఎన్ఏ ముక్కను ఒక్కో విడతలో దాదాపు రెట్టింపు చేస్తూ పోతుంది. దాంతోపాటే వెలుగు పెరుగుతుంది. ఎంత తక్కువ విడతల్లో వెలుగు నిర్ణీత స్థాయిని దాటితే డీఎన్ఏ అంత ఎక్కువ ఉన్నట్టు. ఇది మనిషి డీఎన్ఏనే లెక్కిస్తుంది, మరకపై చేరిన బ్యాక్టీరియాది కాదు.

ఇప్పటి కిట్లు మరికొన్ని సంగతులూ చెబుతాయి. పొట్టి, పొడవు ముక్కలను పోల్చి డీఎన్ఏ ఎంత చితికిపోయిందో చూపిస్తాయి. జీన్స్ నీలిరంగు, మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం వంటివి పరీక్షకు అడ్డుపడితే పట్టిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, పురుషుడి డీఎన్ఏను విడిగా కొలుస్తాయి. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి డీఎన్ఏ దండిగా ఉండి, నిందితుడిది లేశమాత్రంగా ఉండొచ్చు. మొత్తం లెక్కే చూస్తే నమూనా భేషుగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. పురుష డీఎన్ఏ తక్కువని ముందే తెలిస్తే, వై క్రోమోజోమ్‌ను మాత్రమే చూసే వై-ఎస్‌టీఆర్ పరీక్షకు వెళ్లొచ్చు.

అయితే నమూనా ల్యాబ్‌కు చేరేలోపే పాడైతే యంత్రం ఏం చేస్తుంది? తడి బట్టను ప్లాస్టిక్ కవర్లో కడితే బ్యాక్టీరియా పెరిగి డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 176(3) సెక్షన్ చెబుతోంది.

'ప్రొఫైల్ రాలేదు' అన్న రిపోర్టు మీ కేసులో వస్తే ప్రాసిక్యూటర్‌ను ఇవి అడగండి: డీఎన్ఏ ఎంత వచ్చింది, అందులో పురుషుడిది ఎంత, చితికిందా, ఏదైనా అడ్డుపడిందా, మళ్లీ పరీక్షించడానికి నమూనా మిగిలిందా?