ఘాటు దిగువన సంసారపు బండి

నెహ్రూ నగర్‌లోని తెలుగు కుటుంబాలవారం సెలవులు రాగానే పరుపులు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము వ్యానులో సర్దుకొని అమరకంటక్‌కు బయలుదేరడం పరిపాటి. విదేశాలలో ఇటువంటి బండిని మోటార్‌హోమ్ అంటారు. మనకది సంసారాన్ని చక్రాలపైకి ఎక్కించడమే.

నర్మదా, శోణ నదులకు జన్మస్థానమైన ఆ క్షేత్రం సముద్రమట్టానికి 1,000 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కితే అందరూ గమనిస్తారు. అసలు ప్రమాదం దిగేటప్పుడే. 3 టన్నుల వ్యాను 500 మీటర్లు దిగితే వెలువడే శక్తి సుమారు 45 లీటర్ల చన్నీటిని మరిగించగలదు. కాలు తీయక తొక్కితే ఆ వేడిలో అధికభాగం బ్రేకు డ్రమ్ములకే చేరుతుంది. పైగా బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకానికి నిర్దేశించిన కనీస మరుగుస్థానం కొత్తలో 205 డిగ్రీలు, తేమ చేరిన పిదప 140 డిగ్రీలే. ఆయిలు మరిగి ఆవిరి పుడితే పెడలు నేలకంటుతుంది.

ఒక పర్యాయం, వృద్ధులు, పసివారు సహా పన్నెండుగురం దిగుతుండగా పెడలు మెత్తబడినదని డ్రైవరు హెచ్చరించాడు. రెండవ గేరుకు తగ్గించి, హ్యాండ్‌బ్రేకుతో ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టించాము. డ్రమ్ములపై నీళ్లు పోయబోయిన యువకుణ్ణి వారించాము, కాలిన పోత ఇనుము పగులుతుంది కదా! గంటసేపటికి పెడలు గట్టిపడినది. అయినా మొదటి గేరులోనే దిగి, ఊరు చేరగానే ఆయిలు మార్పించి, గాలి తీయించాము.

వంటకు దాచిన 200 లీటర్ల నీటిని మాత్రం ఘాటులోనే పారబోయించాము. పెద్దమ్మగారు నొచ్చుకొన్నారు గాని, బండికి 200 కిలోల బరువు తగ్గినది.