‘రిజర్వు’ ఎవరికి? అమ్రాబాద్ చెంచు పెంటల చరిత్ర, జనాభా

కీలకపదాలు: చెంచులు, పెంట, అమ్రాబాద్, రిజర్వు, జనగణన, షెడ్యూల్డ్ ప్రాంతం

ఉపోద్ఘాతం

కృష్ణానదికి ఉత్తరాన, నల్లమల అడవులలో అమ్రాబాద్ పీఠభూమి ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట తాలూకాలోని ఈ ప్రాంతం 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరింది. తూర్పున డిండి దాటితే నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం వస్తుంది. ఇక్కడి చెంచుల నివాసాన్ని ‘పెంట’ అంటారు. మైదానపు వాడుకలో ఆ మాటకు చెత్తకుప్ప అన్న అర్థమే మిగిలింది. నల్లమలలో మాత్రం అది కొద్దిపాటి గుడిసెల జనావాసం. తెలుగు సాహిత్యానికి చెంచులక్ష్మి చిరపరిచితురాలు. ఆమె పుట్టిన పెంట అంతగా పరిచితం కాదు.

గత ఎనిమిది దశాబ్దాలలో ఈ అడవికి ‘రిజర్వు’ అన్న పేరు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి మనుషుల కోసం, రెండవసారి పులుల కోసం. పెంటల చరిత్రను ఈ రెండింటి నడుమ చూడవలసి ఉంటుంది.

చెంచు రిజర్వు

ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోయాడు. 1940లో ఆయన అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య పరిశోధన చేశాడు. ఆ గ్రంథం 1943లో వెలువడింది. పీఠభూమి దిగువ భాగంలో ఇతర కులాల వ్యవసాయ గ్రామాలు ఉండగా, ఎగువ అడవిలో గడ్డలు, తేనె, ఇప్పపువ్వు వంటి వాటి సేకరణపై ఆధారపడిన చెంచులు ఉండేవారు. వారి రక్షణకై నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచు రిజర్వుగా కేటాయించింది. చెంచులు తమ పద్ధతిలో బ్రతకడానికి వీలుండాలన్నది దాని ఉద్దేశం. అయితే ఇది పరిపాలనాపరమైన ఏర్పాటే గాని, భూమిపై చెంచులకు యాజమాన్యపు హక్కు ఇచ్చినది కాదు. తరువాతి పరిణామాలకు మూలం ఈ లోపంలోనే ఉన్నదని చెప్పవచ్చు.

పేర్ల జాబితా

హైదరాబాద్ రాజ్యం భారత్‌లో విలీనమైన పిదప, 1950 డిసెంబరు 7న రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వులో అచ్చంపేట తాలూకా పల్లెలు, పెంటలు పేరుపేరునా చేరాయి. భాషాధ్యయనం చేసేవారికి ఈ జాబితా విలువైన ఆధారం. ఆంగ్లలిపిలో వికృతమైన వర్ణక్రమాలను సరిచేసి చదివితే పులిచెలమ, బొర్రమాచెరువు, తాటిగుండాల, బావిపెంట, చిట్లంకుంట వంటి పేర్లు తేలుతాయి. చెలమ, చెరువు, గుండం, బావి, కుంట: అన్నీ నీటి మాటలే. వేసవిలో నీరు నిలిచే చోటే పెంట నిలుస్తుంది. ఒక చెలమ ఎందరికి సరిపోతుందో పెంటలో అన్ని కుటుంబాలే ఉండగలవు. పెంటలు చిన్నవి కావడానికి దీనినీ ఒక కారణంగా గ్రహించాలి.

ఈ జాబితాలో పేరుండడం కేవల గౌరవం కాదు. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా అడ్డుపడే 1959 నాటి నిబంధన, ప్రజలు ‘1/70 చట్టం’గా పిలిచే దాని 1970 సవరణ, షెడ్యూల్డ్ ప్రాంతంలోనే వర్తిస్తాయి.

జనాభా లెక్కలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచుల జనాభా 1971లో 24,178, 1981లో 28,434, 1991లో 40,869, 2001లో 49,232, 2011లో 64,227. చివరి సంఖ్యలో నేటి తెలంగాణకు చెందినవారు 16,912 మంది మాత్రమే. ఈ అంకెలను యథాతథంగా స్వీకరించడం ప్రమాదకరం. 1981-91 మధ్య పెరుగుదల దాదాపు 44 శాతం. అదే దశాబ్దంలో రాష్ట్ర జనాభా పెరిగినది 24 శాతమే. కేవలం జననాల వల్ల ఇంత తేడా రాదు. మునుపు లెక్కకు అందనివారు అందడం, మైదానంలో స్థిరపడినవారు తమను చెంచులుగా నమోదు చేసుకోవడం ఇందుకు కారణాలై ఉండాలి.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. చెంచులను ప్రభుత్వం 1970వ దశకంలో ‘ఆదిమ గిరిజన సమూహం’గా గుర్తించింది. ఆ గుర్తింపుకు పెట్టిన ప్రమాణాలలో జనాభా తగ్గడం లేదా స్తంభించడం ఒకటి. జనగణన మాత్రం వృద్ధిని చూపుతోంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు: మొత్తం పెరుగుతుంది, ఎగువ పీఠభూమి పెంట పెరగదు. తెగ మొత్తానికి ఒకే అంకె ఇచ్చే పట్టిక పెంట పరిస్థితిని కప్పివేస్తుంది.

రెండవ రిజర్వు

1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల రిజర్వు అయింది. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో విస్తరించిన దీని వైశాల్యం సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. నాటి చెంచు రిజర్వు నాలుగు వందల చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ.

2006లో వచ్చిన రెండు చట్టమార్పులు ఈ నేలపై ఎదురుపడ్డాయి. అటవీ హక్కుల చట్టం ఆదిమ సమూహాలకు ఆవాస హక్కును గుర్తించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టసవరణ పులుల కీలక ప్రాంతం నుండి స్వచ్ఛంద తరలింపుకు మార్గం చూపింది. తరలింపు ప్రతిపాదనలలో వినిపించిన సార్లపల్లి, తాటిగుండాల, కొల్లంపెంట 1950 నాటి జాబితాలోనివే. తరలివచ్చే కుటుంబానికి ఎంత పరిహారం అన్న చర్చ సాగినంతగా, ఆ కుటుంబం ఏ చట్టపు నీడను విడిచి వస్తున్నదన్న చర్చ సాగలేదు. జాబితాలో లేని చోట ఇచ్చిన భూమికి 1/70 రక్షణ ఉండదు. ఆ చోటును కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చాలంటే, రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు ఆరవ పేరా ప్రకారం గవర్నరును సంప్రదించి రాష్ట్రపతి మరొక ఉత్తర్వు జారీ చేయవలసి ఉంటుంది.