నిజమే, అయినా మారవచ్చు

చిన్న మాటకే గుండె మండిపోయి, ఆ మంటను ఓర్చుకోలేక తమకు తామే హాని చేసుకొనేవారు కొందరుంటారు. యింటివారు దానిని మొండితనమనో, నటన అనో అనుకొంటారు. అది నటన కాదు, బాధ. ఆ బాధకు చికిత్స వున్నది. పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ.

దీనిని రూపొందించినది అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు మార్షా లినెహాన్. మామూలు చికిత్స పొందినవారి కంటే యీ చికిత్స పొందినవారిలో తమను గాయపరచుకోవడం తగ్గినదని 1991లో ప్రకటించిన పరిశోధనలో ఆమె చూపారు. తానూ 1961లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, యిటువంటి బాధతోనే ఆసుపత్రిలో చేరి రెండేళ్ళకు పైగా వున్నానని 2011లో ఆమె లోకానికి చెప్పారు.

పేరు నోరు తిరగనిదైనా సారం తేలికే. ఎదురెదురుగా కనిపించే రెండు మాటలను కలిపి పట్టుకోవడమే యిందులోని కీలకం. “నీ బాధ నిజమే” అన్నది ఒకటి. “అయినా నీవు మారవచ్చు” అన్నది రెండవది. ఉత్త ఓదార్పుతో అలవాటు మారదు. ఉత్త మందలింపుతో మనిషి దూరమౌతాడు.

వారానికొకసారి చికిత్సకునితో విడిగా సంభాషణ, మరొకసారి పదిమందితో కలిసి పాఠం వుంటాయి. మధ్యలో మనసు అదుపు తప్పబోతే చికిత్సకునికి ఫోను చేసి సలహా అడగవచ్చు. ఏ రోజు ఏ ఉద్రేకం కలిగినదో రోగి చీటీలో వ్రాసుకోవాలి. నేర్పే విద్యలు నాలుగు: ఉన్న క్షణాన్ని గమనించడం, కష్టాన్ని ఓర్చుకోవడం, ఉద్రేకాన్ని అదుపులో వుంచుకోవడం, యితరులతో నొప్పింపక మాట్లాడి తనకు కావలసినది అడగడం. ఉద్రేకం పొంగినప్పుడు ముఖాన్ని చన్నీటితో తడపడం, ఊపిరిని నెమ్మదిగా వదలడం వంటి చిట్కాలు కూడా వున్నాయి. గుండె జబ్బు గలవారు మాత్రం చన్నీటి పద్ధతికి ముందు డాక్టరును అడగాలి.

యింటివారు చేయదగినదీ వున్నది. “యీ మాత్రానికేనా?” అనేముందు “నీకు చాలా కష్టంగా వున్నట్లున్నది” అనండి. బాధను ఒప్పుకోవడమంటే చేసిన పనినల్లా మెచ్చుకోవడం కాదు. ఆ ఒక్క మాటతో బిడ్డ నోరు విప్పితే, వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవడానికి దారి ఏర్పడుతుంది.

పరాయి భాషలో మనసు విప్పడం కష్టం. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ భాషలలో తెలుగు కూడా వున్నది. దాని నెంబరు 14416. దీనిని యింటిలో అందరికీ కనబడేచోట వ్రాసిపెట్టుకోండి. ఎవరైనా చావు మాట ఎత్తితే బెదిరింపని కొట్టిపారేయక, వారిని ఒంటరిగా విడువక, వెంటనే ఆ సాయం కోరండి.