ఒంటరి చిలుకకు తోడు

జోడెద్దులలో ఒకదానిని అమ్మినచో రెండవది కొన్ని దినములు మేత సరిగా ముట్టదని రైతులకు తెలిసినదే. పంజరములో ఒంటిగా ఉన్న చిన్న చిలుక సంగతియు అటువంటిదే. మేత ఎంత పెట్టినను తోడులేని లోటు తీరదు.

మనవారు సాధారణముగా ‘లవ్ బర్డ్స్’ అని పిలుచు చిన్న చిలుక అసలు పేరు బడ్జెరిగార్. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని లోపలి మెట్ట ప్రాంతము. పొడవు సుమారు 18 సెంటీమీటర్లు. అచట ఇవి గుంపులుగా, వాన కురిసి గడ్డిగింజలు దొరకు చోటికి తరలిపోవుచుండును. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని ప్రాణముతో ఇంగ్లండుకు కొనిపోయెను. నాటి నుండి పంజరములలోనే తరతరములుగా పెరుగుచున్నను వీని గుంపు స్వభావము మారలేదు.

రామచిలుకను పెంచరాదు

మన పొలములలో తిరుగు రామచిలుకను పట్టుట, అమ్ముట, పంజరములో ఉంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. తొర్ర నుండి జారిపడిన పిల్ల కనిపించినచో, వీలున్నంతవరకు తిరిగి తొర్రలోనే ఉంచవలెను. గాయపడినచో అటవీశాఖవారికి అప్పగించవలెను. ఏండ్ల తరబడి ఇంటిలో పెరిగినదానిని ఒక్కసారిగా వదలివేయరాదు. మేత వెదకుకొనుట తెలియక అది చనిపోవచ్చును. దానిని కూడ అటవీశాఖవారికే అప్పగించవలెను. గ్రామాధికారులు ఈ సంగతి అందరికి తెలియజెప్పవలెను.

ఒంటరితనపు గుర్తులు

పలుకుట తగ్గించుట, ఊరక అరచుట, పంజరపు ఊచలను విడువక కొరుకుట, తన ఈకలను తానే పీకుకొనుట ముఖ్యమైనవి. కాని ఈకలు ఉబ్బించుకొని, మేత మాని, పంజరము అడుగున కూర్చున్నచో అది జబ్బు గుర్తు. పక్షులు జబ్బును చివరి వరకు దాచుకొనును. కావున అది ఒంటరితనమేయని ఊరకుండక, వెంటనే పశువైద్యునికి చూపవలెను. ఈకలు పీకుకొనుటకును జబ్బు కారణము కావచ్చును.

మీరు చేయదగిన పనులు

1. పంజరమును ఇంటివారు మసలు గదిలో, ఒక వైపు గోడ ఉండునట్లు ఉంచుడు. వంటయింట ఉంచరాదు. పొగ మంచిది కాదు. మాడిన నాన్‌స్టిక్ పెనము నుండి వచ్చు ఆవిరి పక్షిని నిమిషములలో చంపగలదు.

2. ఉదయము, సాయంత్రము దగ్గర కూర్చుండి మెల్లగా మాటలాడుడు. చేతిలో కొర్రకంకి పట్టుకొని కదలక ఉన్నచో కొన్ని దినములకు అదే వచ్చి తినును. బలవంతముగా పట్టరాదు.

3. కొరుకుటకు కడిగిన వేపపుల్లలు ఇయ్యుడు. కొంత మేతను ఆకుల మధ్య దాచినచో వెదకుకొనుచు ప్రొద్దుపుచ్చును.

4. రాత్రి 10 నుండి 12 గంటలు చీకటిలో నిద్రపోనిండు.

అద్దము తోడు కాదు. తన నీడనే మరొక పక్షి యనుకొని, తిన్నది కక్కి దానికి తినిపింప జూచును, బదులు రాదు. రేడియో ఇంటి నిశ్శబ్దమును పోగొట్టును గాని తోడు కానేరదు.

రెండవ పక్షి

నిజమైన తోడు అదే జాతి పక్షి. క్రొత్తదానిని వెంటనే కలుపరాదు. 30 దినములు వేరు గదిలో ఉంచి, జబ్బు లేదని తెలిసిన పిమ్మట పంజరములను ప్రక్కప్రక్కన పెట్టుడు. ఒకదాని వైపు మరొకటి వచ్చి కూర్చుండుట మొదలిడినచో, రెండింటికిని క్రొత్తదైన పెద్ద పంజరములో కలుపుడు. మేత గిన్నెలు రెండు ఉండవలెను. రెండు ఆడపక్షులకంటె రెండు మగపక్షులు సాధారణముగా కలిసి ఉండును. ఎదిగిన మగదానికి ముక్కుపై రంధ్రముల చుట్టు చర్మము నీలముగను, ఆడదానికి గోధుమ రంగుగను ఉండును. కొన్ని రంగుల పక్షులలో ఈ గుర్తు చెల్లదు. పిల్లలు వలదనుకొన్నచో గూటిపెట్టె పెట్టకుడు.

ఈ పక్షి 5 నుండి 10 ఏండ్లు బ్రతుకును. అన్ని ఏండ్లు దానికి జత నైనను, మీ ప్రొద్దులో కొంత భాగము నైనను ఇయ్యగలిగినప్పుడే ఇంటికి తెచ్చుకొనుట మేలు.